అనంతపురంలో లా చదివి బెంగళూరులో ఆస్తి పత్రాల ప్రాక్టీసు పెట్టవచ్చా?

ఎల్‌ఎల్‌బీ పూర్తయింది, కోర్టులో వాదించాలంటే భయం, బెంగళూరులో స్థలాలు, వ్యాపార ఒప్పందాలు, వీలునామాల పనితోనే బతకవచ్చా అని అడిగారు. బతకవచ్చు. నేను హిందూపురం నుంచి వచ్చి పద్దెనిమిదేళ్లుగా ఆ పనే చేస్తున్నాను. అయితే ముందు కన్నడం నేర్చుకోండి. మాట్లాడడం కాదు, చదవడం. అదీ చేతిరాత.

సీనియర్ దగ్గర చేరిన రెండో ఏడాది దేవనహళ్లి వైపు రెండెకరాల పత్రాలు నా చేతికిచ్చారు. ఆస్తిపై జరిగిన లావాదేవీలు చూపే ఈసీలో చిక్కేమీ లేదు, పొలం రికార్డైన పహాణీలో అమ్మేవారి పేరే ఉంది. కొనవచ్చని రాసేశాను. సీనియర్ గారు మారుమాట్లాడకుండా కట్ట అడుగు నుంచి మాసిపోయిన సాగువళి చీటీ, అంటే భూమి మంజూరు పత్రం, తీసి నా ముందు పెట్టారు. అది ప్రభుత్వం ఒకప్పుడు దళిత కుటుంబానికి మంజూరు చేసిన భూమి. కర్ణాటకలో 1978 నాటి చట్టం ప్రకారం అలాంటి భూమిని ప్రభుత్వ అనుమతి లేకుండా కొంటే ఆ కొనుగోలు చెల్లదు. ఎన్ని చేతులు మారినా వెనక్కి తీసుకుంటారు. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి, ఈ సంగతి కనిపించదు. మన వైపు అసైన్డ్ భూముల గొడవలు చూస్తూ పెరిగినవాణ్ని, ఇక్కడ లిపి దగ్గర బోల్తా పడ్డాను. కన్నడ లిపి మన లిపికి దగ్గరే కదా అన్న ధీమా అచ్చు పుస్తకాల వరకే. శానుభోగుల, అంటే ఇక్కడి కరణాల, రాత ముందు అది నిలవలేదు.

మూడింటిలో ఏది ఎంచుకోవాలన్నారు. అవి విడివిడిగా వస్తే కదా! చిక్‌పేటలో బట్టల వ్యాపారం చేసే ఒక తెలుగు కుటుంబం నా చేత అద్దె ఒప్పందం రాయించుకుంది. రెండేళ్లకు ఇంటి పెద్దాయన పోయారు. దుకాణం గది ఆయన స్వార్జితం. వ్యాపారం ఆయనా పెద్ద కొడుకూ కలిసి పెట్టిన భాగస్వామ్యం. ఇద్దరిలో ఒకరు పోతే ఇక భాగస్వామ్య సంస్థే ఉండదు. వీలునామా లేదు కాబట్టి గదిలో భార్యకు, ఇద్దరు కొడుకులకు, కూతురికి సమాన వాటాలు. ఇరవై ఏళ్లుగా గల్లాపెట్టె దగ్గర కూర్చున్న కొడుక్కి ఆ గదిలో పావు వంతే ఉందని తెలిసింది. వాటాలు వదులుకునే విడుదల పత్రాలు రిజిస్టరయ్యేసరికి ఏడాదిన్నర పట్టింది. వీలునామాకు తెల్లకాగితం, ఇద్దరు సాక్షులు చాలు. రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు. అద్దె ఒప్పందం రాసిన రోజే ఆ మాట ఎందుకు అడగలేదా అని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

భయం సంగతికొస్తే, రెండేళ్లయినా సివిల్ కోర్టులో తిరగండి. మనం రాసిన వాక్యాన్ని అవతలి వకీలు ఎక్కడ పట్టుకుంటాడో అక్కడే తెలుస్తుంది. మొదట్లో వచ్చే డబ్బు గది అద్దెకే సరిపోతుంది, అది మాత్రం దాచను. ఆంధ్ర బార్ కౌన్సిల్‌లో నమోదైనా ఇక్కడ ప్రాక్టీసు చేయవచ్చు. అఖిల భారత బార్ పరీక్ష గట్టెక్కాలి, అంతే.

మీ ఇంట్లో కరణం రాసిన పాత దస్తావేజు ఏదైనా ఉంటే ఈ ఆదివారం మొదటి అక్షరం నుంచి చివరి సాక్షి సంతకం దాకా చదవండి. విసుగు రాకపోతే వచ్చేయండి.