నిద్ర పట్టని మనిషి నీ ఎదుట కూర్చున్నప్పుడు

చిరంజీవి శిష్యురాలికి ఆశీస్సులతో,

గుంటూరులో సొంతంగా మానసిక చికిత్స క్లినిక్ తెరిచావనీ, వచ్చేవారిలో చాలామంది నిద్ర పట్టడం లేదనే బాధతోనే వస్తున్నారనీ, వారితో ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదనీ రాశావు. ముప్పై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను కనుక నాకు తెలిసింది చెబుతాను.

నిద్ర పట్టడం లేదన్న ఒక్క మాట వెనుక ఎన్నో రకాల బాధలుంటాయి. ఒకరు పదికి పడుకుని ఒంటిగంట దాకా పొర్లుతారు, ఒకరికి మూడింటికే మెలకువ వచ్చి ఇక రెప్ప పడదు. రాత్రంతా కునుకే లేదని మరొకరు చెబుతుంటే, పక్కనున్న భార్య ఆయన గురక పెట్టారంటుంది. అలాంటప్పుడు ఆయనతో వాదించవద్దు, ఆయన అనుభవం ఆయనకు నిజం. పడుకోవడానికి తగిన అవకాశం ఉండి కూడా వారానికి కనీసం 3 రాత్రులు, 3 నెలలకు పైగా ఇలా సాగుతూ, పగటి పనులు దెబ్బతింటుంటే దాన్ని దీర్ఘకాలిక నిద్రలేమిగా తీసుకోవాలి. హైదరాబాదులో రాత్రి షిఫ్టు చేసి పగలు నిద్ర రాదనే యువకుడి సమస్య వేరు, ముందు అతని పనివేళలను చూడాలి.

గురక మధ్యలో ఊపిరి ఆగడం, సాయంత్రమయ్యేసరికి కాళ్లు కదపకుండా ఉండలేకపోవడం వంటివి వింటే వైద్యుడి దగ్గరకు పంపు. కుంగుబాటు గురించీ, చనిపోవాలన్న ఆలోచనల గురించీ సూటిగా అడుగు. నిద్ర తగ్గినా అలసట లేకుండా విపరీతమైన ఉత్సాహంతో గడిపిన రోజులు ఎప్పుడైనా ఉన్నాయా అన్న ప్రశ్న ఎన్నడూ మరవవద్దు. తొలినాళ్లలో నేను అది అడగకుండానే ఒక యువకుడికి, పక్క మీద గడిపే సమయాన్ని కుదించే చికిత్స మొదలుపెట్టాను. పది రోజుల్లో అతనికి ఉన్మాదం ముదిరి ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. ఆ తప్పు నాదే, ఇప్పటికీ బాధపెడుతుంది. మూర్ఛ ఉన్నవారికీ, బస్సులూ లారీలూ నడిపేవారికీ కూడా ఆ పద్ధతి ప్రమాదకరం.

తీవ్రత తెలుసుకోవడానికి ఇన్సోమ్నియా సివియారిటీ ఇండెక్స్ చాలు. ఏడు ప్రశ్నలు, మొత్తం 28 మార్కులు, 15 గానీ అంతకు మించి గానీ వస్తే చికిత్స అవసరమైన స్థాయి అనుకోవచ్చు. అయితే నేను ఎక్కువగా నమ్ముకునేది రెండు వారాల నిద్ర డైరీనే. పక్క ఎక్కిన వేళ, నిద్ర పట్టిన వేళ, మెలకువలు, లేచిన వేళ, పగటి కునుకులు, కాఫీలు, మాత్రలు అన్నీ ఉదయం లేచాక అంచనాగా రాస్తే చాలు, రాత్రి గడియారం చూడవద్దని గట్టిగా చెప్పు. రాయడం రానివారు ఫోనులో చెప్పి పంపుతారు, లేదా కోడలో మనవరాలో రాసిపెడుతుంది.

ఆ డైరీని నిద్ర పరిశోధకుడు ఆర్థర్ స్పీల్‌మన్ 1980లలో చెప్పిన మూడు మెట్ల దృష్టితో చదువు: నిద్ర చెడే స్వభావం, దాన్ని చెడగొట్టిన సంఘటన, ఆ తరువాత చెడినదాన్ని చెడినట్టే నిలబెడుతున్న అలవాట్లు. కొత్తవారంతా రెండవ మెట్టు దగ్గరే ఆగిపోతారు. చికిత్సకు పట్టు దొరికేది మూడవదానిలో.

ఒక విశ్రాంత ఉపాధ్యాయిని సంగతి చెబుతాను. భర్త పోయాక నిద్ర చెడింది, రెండేళ్లయినా కుదుటపడలేదు. దుఃఖం నెమ్మదించింది కానీ ఆవిడ రాత్రి 9కే పక్క ఎక్కి ఉదయం 6 దాకా దిగేవారు కాదు. తొమ్మిది గంటల్లో నిద్రపోయింది ఐదున్నర, అంటే 61 శాతం. అందుకే రాత్రి 12 నుంచి 5:30 వరకే పక్క మీద ఉండమన్నాను. ‘నిద్ర రావడం లేదని వస్తే మేలుకోమంటారేమిటమ్మా’ అన్నారు. రోజంతా చిరుతిళ్లు తింటే భోజనం వేళకు ఆకలి ఉండదనీ, నిద్రకూ ఆకలి పుట్టాలనీ వివరించాను. మూడవ వారానికి పడుకోగానే నిద్ర పట్టసాగింది. ఆ పైన పక్క మీద ఉన్న సమయంలో నిద్ర 85 శాతం దాటిన ప్రతి వారం ఆ సమయాన్ని 15 నిమిషాలు పెంచుతూ వచ్చాము, రెండు నెలలు నిండేసరికి ఆవిడకు ఆరున్నర గంటల పడక నిలిచింది. ఎవరికైనా ఐదు గంటలకంటే తగ్గించవద్దు.

రెండవ వారంలోనే చాలామంది మానేస్తారు. పగలు తూగుతుంటారు, విసుగు, కోపం, చికిత్స వికటించిందన్న భయం. ఆ వారం నువ్వే ఫోను చెయ్యి.

నిద్ర రాకపోతే పక్క దిగమని మనస్తత్వవేత్త రిచర్డ్ బూట్‌జిన్ 1972లో చెప్పిన పద్ధతి దీనికి తోడు. కానీ ఒకే గదిలో ఐదుగురు పడుకునే ఇంట్లో ఎక్కడికి వెళ్లాలి? చాప చుట్టి వసారాలో కుర్చీ వేసుకుని కూర్చుంటే చాలు. ఇంటివారిని ఒకసారి పిలిచి, అర్ధరాత్రి అలా కూర్చున్న మనిషిని ‘పడుకో’ అని గదమవద్దని చెప్పు. పాలు తాగు, ఫోను చూడకు అన్న సలహాలు మంచివే, అవే చికిత్స అనుకోకు.

మాత్ర ఉండగా ఇదంతా ఎందుకని వైద్యులు అడిగితే, అమెరికా వైద్యుల సంఘమైన అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లోనే దీర్ఘకాలిక నిద్రలేమి ఉన్న పెద్దలందరికీ, అలవాట్లనూ ఆలోచనలనూ సరిదిద్దే ఈ చికిత్సనే (సీబీటీ-ఐ) మొదట ఇవ్వాలని సూచించిందని చెప్పు. అయితే ఏళ్లుగా ఆల్ప్రజోలం అనే మత్తు మాత్ర వాడుతున్నవారితో ఒక్కసారిగా మాన్పించకు, ఫిట్స్ రావచ్చు. వైద్యుడి పర్యవేక్షణలో మెల్లగా తగ్గాలి.

మొదటి రెండు డైరీలు చేతికందాక, పేర్లు తీసేసి నాకు పంపు. పడక వేళలు నిర్ణయించే ముందు ఇద్దరం కలిసి చూద్దాం.

నీ శ్రేయోభిలాషి