పుక్కిటి పురాణం అంటే మెచ్చుకోలా, ఎత్తిపొడుపా?

ప్రశ్న: ఇంట్లో తెలుగే గానీ చదువంతా చెన్నైలో తమిళంలో. "అవన్నీ పుక్కిటి పురాణాలు" అంటారు కదా, అది అష్టాదశ పురాణాల్లో ఒకటా?

కాదండీ, ఆ పద్దెనిమిదింటిలో వెతక్కండి. పుక్కిలి అంటే బుగ్గ లోపలి ఖాళీ. నీళ్లు పుక్కిలించడం అంటామే, ఆ పుక్కిలే. దాని పక్కన ఇంకో నామవాచకం చేరితే 'పుక్కిటి' అవుతుంది: వాకిలి–వాకిటి, కుందేలు–కుందేటి లాగా. చిన్నయసూరి బాలవ్యాకరణంలో వీటినే ఔపవిభక్తికాలన్నాడు. ఏ గ్రంథంలోనూ లేకుండా, చెప్పేవాడి నోట్లోనే పుట్టిన పురాణమన్నమాట.

పొరపాటు ఎక్కువగా జరిగేది ఒక్క అక్షరం దగ్గర. "ఆయన పురాణాలన్నీ పుక్కిట పట్టాడు" అంటే కంఠతా వచ్చని పొగడ్త. ఇక్కడ 'పుక్కిట' అంటే పుక్కిలిలో, "వాకిట నిలబడ్డాడు" లాగా. "ఆయన చెప్పేవన్నీ పుక్కిటి పురాణాలు" అంటే మాత్రం ఎత్తిపొడుపు. సన్మాన సభలో టకారానికి గుడి పడిందా, శాలువా కప్పించుకోవాల్సినాయన లేచి వెళ్లిపోతాడు! కొందరు 'పుక్కట పురాణం' అని రాస్తారు, ఊరికే వచ్చేదానికి వాడే 'ఫుకట్' చెవిలో ఉండటం వల్ల కాబోలు. దానికీ దీనికీ సంబంధం లేదు.

ఎక్కడ వాడాలంటే, ఆధారం లేకుండా ఆ నోటా ఈ నోటా వచ్చిన గాథకి. మైలాపూరు గుడి కింద నుంచి తిరుపతి దాకా సొరంగం ఉందని ఎవరైనా అంటే అది పుక్కిటి పురాణం. టీ నగర్‌లో దీపావళి ముందు ఆదివారం సాయంత్రం ఐదు నిమిషాల్లో కారుకి చోటు దొరికిందంటే అవి కోతలు. అప్పు తీర్చమంటే చెప్పే సాకులు కాకమ్మ కథలు. నిజంగా జరిగి ఆశ్చర్యపరిచిన దానికి ఈ మూడూ పనికిరావు, "నమ్మలేకపోతున్నా" అంటే చాలు.

తమిళంలో దగ్గరగా ఉండేది 'కట్టుక్కదై', అది మన కట్టుకథే. 'కాదుల పూ సుత్తాదే'కి మాత్రం "చెవిలో పువ్వులు పెట్టకు" సరిపోతుంది, ఎందుకంటే అందులో ఎదుటివాణ్ని మోసం చేసే ఉద్దేశం ఉంది. పుక్కిటి పురాణం చెప్పేవాడు చాలాసార్లు తానే దాన్ని నమ్ముతుంటాడు.

రాసేటప్పుడు "పుక్కిటి పురాణమని కొట్టిపారేశారు" అన్నది బాగా నలిగిన వాడుక. పెద్దవాళ్ల ఎదుట మాత్రం "ఆ మాటకి ఆధారం కనిపించదండీ" అనండి.