పువ్వులో ఏది ఉంచాలి, ఏది వదలాలి?

పువ్వు గీసేటప్పుడు ప్రతి ఈనె, ప్రతి మడత వేస్తుంటే బొమ్మ జీవం లేకుండా పోతోందని రాశారు. లోపం మీ చేతిలో లేదండి, ఎంపికలో ఉంది. అమెరికా చిత్రకారిణి జార్జియా ఓకీఫ్ 1932లో వేసిన తెల్ల ఉమ్మెత్త పువ్వును చూడండి. మనం రోడ్డు పక్కన పట్టించుకోకుండా దాటిపోయే ఉమ్మెత్త జాతిదే! అరచేతికి సరిపోయే ఆ పువ్వును ఆమె నాలుగడుగుల ఎత్తు కాన్వాసు నిండా పరిచారు. రేకు అంచు మెలితిరిగి కొసన సన్నని తీగలా ముగిసే చోటు, మధ్యలో లేతాకుపచ్చ గొంతు... చూపు వాటి మీదే నిలుస్తుంది. చిన్నాచితకా మచ్చలు, గరుకుతనం వదిలేశారు.

అట్టముక్కలో అగ్గిపెట్టెంత కిటికీ కత్తిరించి, పువ్వుకు దగ్గరగా పట్టుకుని, అందులో కనిపించినంతే గీయండి. నేను మందారంతో ఇలాగే మొదలుపెట్టాను. పెన్సిల్ పట్టేముందు పది నిమిషాలు ఊరికే చూడండి. వచ్చిన బొమ్మ పంపితే సంతోషంగా చూస్తాను.