వేల్స్ తీరానికి బయల్దేరే ముందు

చిరంజీవి అమ్మడుకి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ మెసేజ్ రాత్రి పడుకోబోయే ముందు చూశాను. చూశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. ఏడాదిన్నరగా ఒక్క కథ కూడా పూర్తి చెయ్యలేదన్నావు. లాప్‌టాప్ తెరిస్తే చాలు, ఆఫీసు పనే గుర్తొస్తోందన్నావు. మే నెలలో తొమ్మిది రోజులు సెలవు దొరికిందనీ, వేల్స్ సముద్రతీరంలో చూడాల్సిన ఊళ్ల జాబితా పంపమనీ అడిగావు.

జాబితా పంపను తల్లీ. ఎందుకో చెప్తాను.

నేను డాక్టరుగా ఈ బ్రిటన్ వచ్చిన కొత్తలో, 1986లో, ఎడతెగని నైట్ డ్యూటీల తర్వాత మొదటిసారి వారం సెలవు దొరికింది. మీ పెదనాన్న కారు తీశారు. దక్షిణాన టెన్బీ నుంచి ఉత్తరాన ఆంగిల్సీ దీవి దాకా, ఏడు రోజుల్లో తొమ్మిది ఊళ్లు చుట్టేశాం. ఫొటోల ఆల్బమ్ నిండింది. కథ రాసుకుందామని పట్టుకెళ్లిన నోటుపుస్తకంలో మాత్రం పెట్రోలు లెక్కలు తప్ప ఒక్క వాక్యం లేదు. తిరిగొచ్చి డ్యూటీలో చేరిన రోజు, వెళ్లక ముందు కన్నా ఎక్కువ అలిసిపోయి ఉన్నాను. ఆ తర్వాత పదకొండేళ్లు నేను కథ ముట్టుకోలేదు. నీది ఏడాదిన్నరే. అయినా నాకు భయమేస్తుంది.

అందుకని ఒక్క ఊరు ఎంచుకో. తొమ్మిది రోజులూ అక్కడే ఉండు. రోజూ అదే దారిన నడు. వేళలు మాత్రం సముద్రానికి వదిలెయ్యి.

వేళలంటే ఆటుపోట్ల సంగతి. భీమిలిలో పుట్టినవాళ్లం కదా, అవి మనకి తెలుసనుకుంటాం. మన ఒడ్డున నీళ్లు ఎక్కే పోటుకీ, దిగే పాటుకీ మధ్య తేడా మహా అయితే మనిషెత్తు. ఇక్కడ కార్మార్దెన్ అఖాతంలో పెద్ద పోటు రోజుల్లో ఏడెనిమిది మీటర్లు లేస్తుంది. రెండంతస్తుల మేడ మునిగేంత నీరు ఆరుగంటల్లో వచ్చి, మరో ఆరుగంటల్లో వెళ్లిపోతుంది. పోటుకీ పోటుకీ మధ్య సుమారు పన్నెండు గంటల ఇరవై అయిదు నిమిషాలు. అందుకే ఇవాళ పొద్దున పదింటికి నిండిన రేవు రేపు పదకొండుకి కాస్త ముందు నిండుతుంది. పౌర్ణమి, అమావాస్య వెళ్లిన ఒకటి రెండు రోజులకి పెద్ద పోట్లు, అష్టమి దాటాక చిన్నవి. మీ అమ్మమ్మ ఏటా పంపే తెలుగు క్యాలెండరు వంటింటి గోడకి ఉండేది. దాన్లో తిథి చూసి, ఫలానా వారం నీళ్లు బాగా లోపలికి తగ్గుతాయని నేను చెప్తే, ఇక్కడి కొట్లో కొన్న పట్టికతో పోల్చి చూసి మీ పెదనాన్న ఆశ్చర్యపోయేవారు. ఉన్నది ఒకే చంద్రుడు కదా.

ఇదంతా ఎందుకంటే, ఆటుపోట్ల వేళలు నీ ఆఫీసు వేళలతో ఏమాత్రం పొసగవు. నీళ్లు దిగేటప్పుడు నడక, ఎక్కేటప్పుడు రాత అని పెట్టుకుంటే ఒకరోజు పొద్దున్న రాస్తావు, నాలుగు రోజులు పోయాక మధ్యాహ్నం రాస్తావు. తొమ్మిదింటికి మీటింగు అనే అలవాటు మూడో రోజుకే సడలుతుంది. నా విషయంలో అలాగే జరిగింది.

జరిగింది లార్న్‌లో. 1997 అక్టోబరు. స్వాన్సీకి పడమట, టాఫ్ నది సముద్రంలో కలిసేచోట ఉంది ఆ ఊరు. కవి డిలన్ టామస్ 1949 నుంచి 1953లో చనిపోయేదాకా అక్కడ నీటి అంచున ఒక ఇంట్లో ఉండేవాడు. ఇంటికి కాస్త ఎగువన, కొండ చరియ మీద పాత మోటారు షెడ్డు ఒకటి ఉంటే దాన్ని రాతగది చేసుకున్నాడు. ఇప్పటికీ ఒక బల్ల, నలిగిన కాగితాలు, కుర్చీకి తగిలించిన కోటు అలాగే పెట్టి ఉంచారు. కిటికీ అద్దం లోంచి చూడాలి. అందరూ ఆ బల్లనే చూసి వెళ్లిపోతారు. నువ్వు వెళితే వెనక్కి తిరిగి, ఆయన బల్ల ముందు కూచుని ఏం చూసేవాడో అది చూడు. పాటు వేళ అక్కడ నీళ్లుండవు. మైళ్ల కొద్దీ బూడిదరంగు ఒండ్రు, దాని మీద పాయలు పాయలుగా మెరుపు, కొంగలు. కాసేపటికి ఎక్కడో దూరంగా ఒక గీత కదిలినట్టనిపిస్తుంది. ఆ గీత పాయల్లోంచి పాక్కుంటూ వస్తుంది, చప్పుడు లేకుండా. అరగంట తర్వాత చూస్తే ఇందాకటి నేల లేదు.

మొదటి మూడు రోజులు నేను ఏమీ రాయలేదు. నిద్రపోయాను. లేచి అన్నం వండుకుని, పచ్చడి వేసుకుని తిని, ఒడ్డున కూచున్నాను. ఆ మూడు రోజులూ వృథా పోయాయని ఏడుపొచ్చింది కూడా. నాలుగో రోజు పోటు ఎక్కుతుండగా, మా ఊళ్లో వలలు అల్లే ముసలామె మాట ఒకటి ఎక్కణ్నుంచో చెవిలో పడినట్టయింది. ఆ మాటతో మొదలుపెట్టి రెండు పేజీలు రాశాను. పదకొండేళ్ల తర్వాత. నీక్కూడా మొదటి రోజులు ఖాళీగా పోతాయి, పోనియ్. అప్పుడు ఫోన్లో పాత కథ తీసి దిద్దుతూ కూచోకు.

లార్న్ నాకు ప్రాణం. అయినా నిన్ను అక్కడికి పంపను. కవి పేరు చెప్పుకుని వచ్చేపోయే జనం ఎక్కువ. రాయలేని దశలో ఉన్నవాళ్లకి, రాసినవాడి కుర్చీ రోజూ ఎదురుగా ఉండటం మంచిది కాదని నా నమ్మకం.

బోర్త్ సంగతి కూడా ఆలోచించాను. నువ్వు కారు నడపవు కాబట్టి అది సులువు, బర్మింగ్‌హామ్ నుంచి అబెరిస్ట్విత్ వెళ్లే రైలు అక్కడ ఆగుతుంది. ఊరంతా ఒకటే వీధి, వీధికి ఒక పక్క సముద్రం. పాటు వేళ ఇసకలో చెట్ల మొదళ్లు బయటపడతాయి. ఓక్, పైన్, బర్చ్, సుమారు 4500 నుంచి 6000 ఏళ్ల కిందటి అడవి అది. సముద్రమట్టం పెరిగి మునిగిపోయింది. అక్కడివాళ్లు దానికి చెప్పే కథ వేరు. కాంత్రెర్ గ్వైలోద్ అనే పల్లపు రాజ్యం ఉండేదట, గట్టు తలుపులు కాసే సెయిథెనిన్ తాగి పడుకుంటే సముద్రం లోపలికొచ్చేసిందట, ప్రశాంతమైన రోజున నీళ్లకింద గుడి గంటలు వినిపిస్తాయట. కాకపోతే ఆ మొదళ్లు చలికాలపు తుపానుల తర్వాత బాగా కనిపిస్తాయి, వేసవికల్లా ఇసక మళ్లీ కప్పేస్తుంది. బోర్త్‌కి ఫిబ్రవరిలో వెళ్లు. నేనూ వస్తాను.

కెరెడిగియన్ తీరంలోని ముంట్, హ్లన్‌గ్రానోగ్ రెండూ ఒక్కో పూటకి. ముంట్‌లో గుట్ట కింద పల్లంలో తెల్ల సున్నం వేసిన చిన్న చర్చి, మెట్లు దిగితే ఇసక, అదృష్టం ఉంటే డాల్ఫిన్లు. హ్లన్‌గ్రానోగ్ పక్కన రాతి ముక్కు మీద 1901లో సంగీతకారుడు ఎల్గర్ సెలవుకొచ్చి నిలబడి ఉంటే దూరంగా ఎవరో పాడుతున్న పాట గాలిలో తేలి వచ్చింది. మాటలు వినపడలేదు, స్వరం దిగే తీరు మాత్రం మనసులో ఉండిపోయింది. దాన్ని 1905లో తీగవాద్యాల రచన ఒకదాన్లో వాడుకున్నాడు. నాలుగేళ్లు పట్టింది చూశావా. నువ్వు తొమ్మిది రోజుల్లో కథ పూర్తి కావాలని పట్టుబట్టకు.

పఫిన్ పక్షులని చూడాలంటావేమో. స్కోమర్ దీవిలో ఏప్రిల్ నుంచి జులై చివరిదాకా ఉంటాయి. పడవ టికెట్లకోసం పరుగులు పెట్టాలి. ఈసారి వద్దు.

నేను పంపేది అబెర్‌దారన్‌కి. హ్లీన్ ద్వీపకల్పం కొసన ఉంది. రైలు మహన్‌హ్లెత్ దగ్గర రెండుగా విడిపోతుంది, సగం అబెరిస్ట్విత్‌కి, సగం పూహ్లెలీకి. నువ్వు పూహ్లెలీ పెట్టెలో ఎక్కావో లేదో గార్డుని అడుగు. ఎడంపక్క కూచో, సముద్రం అటే. బార్మౌత్ దగ్గర 1867 నాటి చెక్కవంతెన మీద నది ముఖద్వారం దాటుతున్నప్పుడు మాత్రం కుడివైపుకి తిరిగి కొండలు చూడు. పూహ్లెలీలో దిగి బస్సు. ఆదివారం చేరకుండా చూసుకో, ఆ వైపు ఆదివారం బస్సుల సంగతి నమ్మడానికి లేదు.

ఆ ఊళ్లో సముద్రపు గోడని ఆనుకుని సెయింట్ హవిన్ చర్చి ఉంది. పోటు రోజుల్లో లోపల కూచుంటే కెరటం చప్పుడు గోడలోంచి వినిపిస్తుంది. 1967 నుంచి 1978 దాకా అక్కడ పూజారి ఆర్. ఎస్. టామస్. ఈ టామస్ వేరే కవి. పెద్దయ్యాక వేల్స్ వాళ్ల భాష వెల్ష్ నేర్చుకున్నాడు, కవిత్వం మాత్రం ఇంగ్లీషులోనే రాశాడు, ఆ బాధ చివరిదాకా మోశాడు. పక్షుల్ని చూస్తూ గంటలు గడిపేవాడు. తలుపు పగలు సాధారణంగా తీసే ఉంటుంది. మతం పట్టింపు ఎవరికీ లేదు, నేను లోపల కూచుని లలితాసహస్రం చదువుకున్న రోజులున్నాయి.

ఆ కొసకి అవతల సముద్రంలో ఉంది ఎన్‌హ్లి దీవి. ఇరవై వేలమంది సాధువుల సమాధులు ఉన్నాయని ప్రతీతి, మూడుసార్లు అక్కడికి వెళ్తే రోముకి ఒకసారి వెళ్లినట్టని మధ్యయుగాల నాటి నమ్మకం. పడవ పోర్త్ మైద్వి నుంచి బయల్దేరుతుంది. ఆ పేరుకి అర్థం సన్యాసి రేవు. గాలి ఎక్కువైతే పడవ వెయ్యరు, అందుకే ఫలానా రోజే వెళ్తానని పెట్టుకోవద్దు. అవకాశం దొరికితే ఒకరోజు వెళ్లు, లేకపోతే ఒడ్డునుంచి చూడు. ఆ దీవికి 2023లో యూరప్‌లో మొదటి చీకటి ఆకాశ అభయారణ్యంగా గుర్తింపు వచ్చింది. ఒడ్డున నిలబడ్డా నక్షత్రాలు విశాఖలో మనం ఎప్పుడూ చూడనన్ని కనిపిస్తాయి. కాకపోతే మేలో రాత్రి తొమ్మిది దాటాక కూడా వెలుగుంటుంది, చీకటి కోసం మేలుకోవాలి. దీవిలో బొరియల్లో గూళ్లు పెట్టుకునే మాంక్స్ షియర్‌వాటర్ పక్షులు పగలంతా సముద్రం మీద ఉండి, చీకటి పడ్డాకే ఒడ్డు చేరతాయి. చలికాలం దక్షిణ అమెరికా తీరానికి పోయి మళ్లీ అదే బొరియకి వస్తాయి.

ఇంకో మాట. ఆ జిల్లా గ్వినెద్‌లో 2021 జనాభా లెక్కల్లో 64.4 శాతం మంది వెల్ష్ వచ్చని చెప్పారు. కొట్లో, బస్సులో నీకు వినిపించేది అదే. నువ్వు కౌంటరు దగ్గరికి రాగానే ఇంగ్లీషుకి మారతారు. వాళ్ల భాషలో 'బోరె దా' అని పలకరించు, 'డియోల్ఖ్' అని కృతజ్ఞత చెప్పు, ముఖాలు వికసిస్తాయి. ఊరి పేర్లు విప్పుకుంటూ నడిస్తే మంచి కాలక్షేపం. అబెర్ అంటే నది సముద్రంలో కలిసేచోటు, గోస్తని కలిసే మన భీమిలి కూడా ఒక అబెర్. అనిస్ అంటే మన కోనసీమ లంక. 'గ్లాస్' అనే మాట వాళ్లకి నీలానికీ, గడ్డి పచ్చదనానికీ కూడా వాడుక. మనం పసుపునీ పచ్చ అంటాం, వరిచేనునీ పచ్చ అంటాం, అట్లా అన్నమాట. నువ్వు లండన్‌లో కూచుని తెలుగులో కథలు రాసే మనిషివి. తమ భాషని వదలని ఊళ్లో తొమ్మిది రోజులు ఉంటే నీకు ధైర్యం వస్తుందని నా ఆశ.

జాగ్రత్తలు చెప్పాలి. కొండ అంచున గడ్డి ఉందని నమ్మి అడుగు వెయ్యకు, కింద మన్ను ఉండదు. గొడుగు దండగ, గాలికి తిరగబడుతుంది. టోపీ ఉన్న వానకోటు, మడమ పట్టి ఉంచే బూట్లు కొనుక్కో. ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు, కాబట్టి ఏ దారిన వెళ్తున్నావో ఇంటివాళ్లకి చెప్పి వెళ్లు. ఎవరైనా నీళ్లలో చిక్కుకుంటే 999 కొట్టి కోస్ట్‌గార్డ్ కావాలని అడగాలి. ఇది తేలిగ్గా తీసుకోకు. గవర్ తీరంలో వర్మ్స్ హెడ్ అనే రాతి కొండకి పాటుకి అటూ ఇటూ రెండున్నర గంటలే దారి ఉంటుంది. 2003లో నేను మేఘాలు చూస్తూ కూచుని, తిరుగు దారిలో చీలమండ లోతు నీళ్లలో రాళ్లమీద జారుతూ పరుగెత్తాను. ఇంకో పావుగంట ఆలస్యమైతే రాత్రి దాకా అక్కడే. డాక్టర్నై ఉండి ఆ తప్పు చేశానని ఇప్పటికీ తల్చుకుంటే గుండె దడ.

కాటేజీలు చాలావరకు శుక్రవారమో శనివారమో మొదలుపెట్టి వారానికి ఇస్తారు. తొమ్మిది రోజులకి అద్దె కుదరకపోతే మిగతా రెండు రోజులకి అదే ఊళ్లో గది తీసుకో, ఊరు మాత్రం మార్చకు. మే చివరి వారం బడులకి సెలవులు, అది తప్పించు. బియ్యం, కందిపప్పు, చింతపండు తీసుకెళ్లు. పెనం మీద కాల్చిన వెల్ష్ కేకులు అక్కడే కొనుక్కో, వేడివేడిగా ఉంటే కాసిన్ని ఎక్కువ. లాప్‌టాప్ ఇంట్లో పెట్టి వెళ్లు, రెండు నోటుపుస్తకాలు చాలు.

ఆటుపోట్ల పట్టిక చిన్న పుస్తకం అక్కడి కొట్లలో దొరుకుతుంది. నీ తేదీలు ఖాయం కాగానే చెప్పు, పౌర్ణమి ఎప్పుడు పడుతుందో క్యాలెండర్లో చూసి పెడతాను. ఆవకాయ కొత్తది మీ అమ్మ పంపింది, చిన్న సీసాలో పెట్టి శుక్రవారం పోస్టు చేస్తున్నాను.

నీ పెద్దమ్మ