రిపోర్టులన్నీ నార్మల్... మరి ఒళ్లంతా ఎందుకీ నొప్పులు?

ప్రశ్న: నా వయసు 38. ఐదు నెలలుగా మెడ, భుజాలు, నడుము, తొడలు అన్నీ నొప్పులే. రాత్రంతా పడుకున్నా పొద్దున లేచేసరికి ఒళ్లు పచ్చిపుండులా ఉంటోంది. మా బాబు గట్టిగా వాటేసుకున్నా ఓర్చుకోలేకపోతున్నాను. పరీక్షలన్నీ నార్మల్. ఇంట్లోవాళ్లు ‘అంతా నీ టెన్షనే’ అంటున్నారు. ఒక డాక్టరుగారు ఫైబ్రోమయాల్జియా కావచ్చన్నారు. రోజూ పెయిన్‌కిల్లర్ వేసుకుంటున్నాను. ఇది తగ్గుతుందా? – ఒక సోదరి, ఖమ్మం

జవాబు: అమ్మా, మీ నొప్పి నిజమైనదే. ఈ జబ్బులో లోపం కండరాల్లోనో కీళ్లలోనో ఉండదు. నొప్పిని గుర్తించే నరాలు, మెదడు అతిగా స్పందిస్తుంటాయి. అందుకే బాబు వాటేసుకున్నా నొప్పిగానే తెలుస్తుంది, ఎక్స్‌రేలో మాత్రం ఏమీ కనబడదు. మూడు నెలలు దాటిన ఒళ్లునొప్పులు, తీరని అలసట, తృప్తినివ్వని నిద్ర... ఈ లక్షణాలను బట్టే దీన్ని నిర్ధారిస్తాం. థైరాయిడ్, ఒంట్లో వాపు ఉందేమో చెప్పే ఈఎస్ఆర్, సీఆర్‌పీ, విటమిన్ డి రక్తపరీక్షలు చేయించకపోతే ఒకసారి చేయించండి. అవి బాగుంటే మళ్లీ మళ్లీ చేయించాల్సిన పని లేదు.

రోజూ వేసుకునే పెయిన్‌కిల్లర్ గురించి మీ డాక్టరుతో వెంటనే మాట్లాడండి. డైక్లోఫెనాక్ లాంటివి వాపు వల్ల వచ్చే నొప్పికి పనిచేస్తాయి. ఇక్కడ వాపే లేదు. మీకు ఒరిగేది తక్కువ, కడుపుకీ కిడ్నీలకీ చేటు ఎక్కువ. స్టెరాయిడ్లు కూడా ఈ జబ్బుకు పనికిరావు.

దీనికి అసలు మందు నడకే. ఒళ్లు నొప్పులంటుంటే నడవమంటాడేమిటి అనిపిస్తుంది, నాకు తెలుసు. రోజూ పది నిమిషాలతో మొదలుపెట్టి, వారానికి రెండు మూడు నిమిషాల చొప్పున పెంచండి. మొదట్లో నొప్పి కాస్త పెరగొచ్చు, భయపడి మానేయొద్దు. నేను ఎక్కువగా చూసే పొరపాటు ఇంకొకటుంది. కాస్త తేలికగా ఉన్న రోజున దుప్పట్లు ఉతికి, బూజులు దులిపి, వారం పనంతా చేసేస్తారు. మర్నాటి నుంచి రెండు రోజులు మంచం దిగలేరు. బాగున్న రోజైనా సగం పని దగ్గరే ఆగండి.

రోజూ ఒకే వేళకు పడుకోండి, సాయంత్రం టీ మానేయండి. గురక ఉంటే డాక్టరుకు చెప్పండి. వీటితో చాలకపోతే రాత్రిపూట తక్కువ మోతాదులో అమిట్రిప్టిలిన్, లేదా డ్యులోక్సెటిన్, ప్రిగాబలిన్ లాంటివి రాస్తారు. మొదటి రెండూ డిప్రెషన్ మందులని ఇంటర్నెట్‌లో చూసి చాలామంది మానేస్తున్నారు. అవి నొప్పిని మోసే నరాల మీద కూడా పనిచేస్తాయి. మత్తు, నోరు ఎండిపోవడం ఉండొచ్చు. సొంతంగా మొదలుపెట్టొద్దు, ఉన్నట్టుండి ఆపొద్దు.

ఈ జబ్బుతో కీళ్లు వంకర్లు పోవు, ప్రాణభయం లేదు. పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేను కానీ, ఇలా మొదట్లోనే జాగ్రత్తపడితే చాలామంది తమ పనులు తాము చేసుకోగలుగుతారు. కీళ్లు వాచినా, జ్వరం వస్తున్నా, బరువు తగ్గుతున్నా మాత్రం వెంటనే రుమటాలజిస్టును (కీళ్ల జబ్బుల నిపుణుణ్ని) కలవండి.

ఈసారి డాక్టరు దగ్గరికి మీవారిని కూడా తీసుకెళ్లండి. ఇది టెన్షన్ కాదన్న మాట ఆయన నేరుగా డాక్టరు నోటే వినాలి.