కౌబాయ్స్ అఫెన్స్ గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ డ్రాఫ్ట్ చదివాను. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో ఆడే డాలస్ కౌబాయ్స్ అఫెన్స్, అంటే బంతి చేతిలో ఉన్నప్పుడు పాయింట్ల కోసం ఆడే పదకొండుమంది, ఈ 2025 సీజన్‌లో ఎలా ఉండబోతోందో తెలుగులో రాయాలన్న ఆలోచన నాకు బాగా నచ్చింది. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ఇర్వింగ్, ప్లేనో అంతా మనవాళ్లే, ఆఫీసులో ఫాంటసీ లీగులంటూ తెల్లవార్లూ కొట్టుకునేవాళ్లున్నారు, కానీ ఆ ఆట గురించి మన భాషలో తీరిగ్గా కూర్చుని రాసేవాళ్లు మాత్రం పెద్దగా కనబడరు. నువ్వు రాయగలవు. కాకపోతే ఈ డ్రాఫ్ట్‌ని ఇలాగే బయటికి వదలొద్దు.

సంగతేంటంటే, పైనుంచి సగం దాకా బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్, ఆ బంతి పట్టే సీడీ ల్యాంబ్, కొత్తగా వచ్చిన జార్జ్ పికెన్స్, ఈ ముగ్గురి పొగడ్తలే. చివర్లో "అఫెన్సివ్ లైన్ కూడా మెరుగుపడాల్సి ఉంది" అని ఒక్క వాక్యం పడేసి చేతులు దులుపుకున్నావు. లైన్ అంటే ముందు నిలబడి ఎదుటివాళ్లని అడ్డుకునే ఐదుగురు. నీ వ్యాసమంతా ఆ వాక్యంలోనే ఉంది. దాన్ని పైకి తీసుకురా, మిగతాదంతా దాని చుట్టూ కట్టు.

ఎందుకంటున్నానో చెప్తా. 2014లో, కాలేజీ కుర్రాళ్లని టీమ్‌లు వంతులవారీగా (ఒక్కో వంతు ఒక పిక్) ఎంచుకునే ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్‌లో, టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ క్వార్టర్‌బ్యాక్ జానీ మాంజెల్ అంటే రాష్ట్రమంతా ఊగిపోతోంది, టీమ్ ఓనర్ జెర్రీ జోన్స్‌కి కూడా మనసంతా అతని మీదే. చివరికి 16వ పిక్‌లో తీసుకున్నది మాత్రం జాక్ మార్టిన్ అనే లైన్‌మన్‌ని. అప్పటికే లైన్‌లో టైరన్ స్మిత్, ట్రావిస్ ఫ్రెడరిక్ ఉన్నారు, వాళ్ల పక్కన ఇతను చేరాడు. ఆ ఏడాదే, బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్ డిమార్కో మర్రే 1,845 గజాలు పరిగెత్తి ఎమిట్ స్మిత్ పేరు మీదున్న టీమ్ రికార్డుని దాటేశాడు. మరుసటి ఏడు మర్రే మంచి డబ్బుకి ఫిలడెల్ఫియా వెళ్లాడు, అక్కడ వచ్చినవి 702 గజాలు. అదే మనిషి, అవే కాళ్లు. అక్కడి స్కీమ్, అంటే ఆడించే పద్ధతి, అతనికి కుదర్లేదన్న మాటా నిజమే అనుకో, కానీ ముందు నిలబడి దారి చేసే ఐదుగురూ మారిపోయారు కదా. దీనికి తలకిందుల కథ కూడా ఉంది. శాక్వాన్ బార్క్లీ 2023లో న్యూయార్క్ జెయింట్స్‌కి 962 గజాలు పరిగెత్తాడు, 2024లో అదే ఫిలడెల్ఫియా వెళ్లి ఈసారి అక్కడున్న గట్టి లైన్ వెనక 2,005 తెచ్చాడు. ఇక మాంజెల్ రెండు సీజన్లకే లీగ్ నుంచి మాయమైపోయాడు. మార్టిన్ పదకొండు సీజన్లు ఆడి, తొమ్మిదిసార్లు లీగ్‌లో మేటి ఆటగాళ్ల ప్రో బౌల్‌కి వెళ్లి, 2025 మొదట్లో రిటైరయ్యాడు.

అంటే ఈ సీజన్ అఫెన్స్ గురించి రాసేవాడు ముందు అడగాల్సింది మార్టిన్ చోటు సంగతే. అక్కడికి 12వ పిక్‌తో అలబామా నుంచి టైలర్ బుకర్‌ని తెచ్చారు. లైన్‌లో మధ్యవాడు సెంటర్, అతని రెండు పక్కలా గార్డ్‌లు, రెండు చివర్లా టాకిల్స్. ఎడమ గార్డ్ టైలర్ స్మిత్, ఎడమ టాకిల్ టైలర్ గైటన్. ఐదుగురిలో ముగ్గురు టైలర్లు, పేర్లు రాసేటప్పుడు జాగ్రత్త, "టైలర్" అని వదిలేస్తే ఎవడో తెలియక పాఠకుడు జుట్టు పీక్కుంటాడు. మధ్యలో కూపర్ బీబీకి ఇది రెండో ఏడాది, కాలేజీలో గార్డ్‌గా ఆడినవాణ్ణి ఇక్కడికొచ్చాక సెంటర్‌ని చేశారు. కుడివైపు టెరెన్స్ స్టీల్, డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోకపోయినా 2020 నుంచి నిలబడ్డవాడు. వీళ్లందరిలో నువ్వు ఎక్కువసేపు ఆగాల్సింది గైటన్ దగ్గర.

గైటన్ ఓక్లహామాలో ఆడింది ఎక్కువగా కుడివైపు. 2024లో మొదటి రౌండ్‌లో తీసుకుని ఎడమవైపు నిలబెట్టారు. వినడానికి ఏముందిలే, ఇటు కాకపోతే అటు, అనిపిస్తుంది. పాత మ్యాచ్ ఒకటి పెట్టుకుని చూడు. మూడో డౌన్ (పది గజాలు సాధించడానికి ఉండే నాలుగు ప్రయత్నాల్లో మూడోది), ఎనిమిది గజాలు కావాలి. స్నాప్ అవగానే, అంటే సెంటర్ బంతిని వెనక్కి అందించగానే, నీ కళ్లు డాక్ వైపు పోతాయి, పోనివ్వకు, ఎడమ చివర ఉన్నవాడి కాళ్లనే చూడు. కుడికాలితో నేలని తన్ని ఎడమకాలు వెనక్కి జరపాలి, ఒళ్లు పైకి లేవకూడదు, చేతులు అవతలివాడి ఛాతీకి వాడికంటే ముందు తగలాలి. ఇదంతా రెండు సెకన్లలో. కుడివైపు ఆడేటప్పుడు ప్రతిదీ దీనికి రివర్స్. ఏళ్ల తరబడి కుడిచేత్తో అన్నం తిన్నవాణ్ణి పెళ్లి పంక్తిలో కూర్చోబెట్టి ఎడమచేత్తో తినమన్నట్టు ఉంటుంది. అందుకే మొదటి ఏడాది అతని మీద ఫౌల్ జెండాలు అన్నిసార్లు పడ్డాయి. ఈసారి ఆ కాళ్లు కుదురుకున్నాయా లేదా, కాలిఫోర్నియాలోని ఆక్స్‌నార్డ్‌లో ప్రాక్టీస్ క్యాంపు మొదలయ్యాక వచ్చే వీడియోల్లో నువ్వు వెతకాల్సింది అదీ. ల్యాంబ్ ఒంటిచేత్తో పట్టిన క్యాచ్‌ని ఎలాగూ అందరూ చూపిస్తారు.

ఇక అంకెల సంగతి. నువ్వు బ్రాండన్ ఆబ్రీ గురించి రాసింది చూసి నవ్వుకున్నాను, తిడుతున్నాననుకోకు. సాకర్ ఆడి, సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌గా పనిచేసి, తర్వాత ఎన్ఎఫ్ఎల్‌లో కిక్కర్ అయినవాడు, మనవాళ్లకి ఇంతకంటే దగ్గరి కథ ఎక్కడ దొరుకుతుంది, ఆ ముక్క ఉంచు. కానీ 2024లో అతను 40 ఫీల్డ్ గోల్స్ (బంతిని తన్ని తెచ్చే మూడేసి పాయింట్లు) కొట్టడాన్ని అఫెన్స్ గొప్పల్లో వేశావు. ఒక్కసారి తిరగేసి ఆలోచించు. ఫీల్డ్ గోల్ కొట్టాడంటే బంతి చేతికొచ్చాక చేసిన ఆ డ్రైవ్ టచ్‌డౌన్ దాకా, అంటే చివరి గీత దాటే దాకా, పోలేదని, ఏడు రావాల్సిన చోట మూడుతో సరిపెట్టుకున్నారని. అదే ఏడాది రన్నింగ్ బ్యాక్ రికో డౌడల్ 1,079 గజాలు పరిగెత్తాడు, పరుగు మీద వచ్చిన టచ్‌డౌన్లు రెండే. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెడితే జబ్బు ఎక్కడుందో నువ్వు చెప్పకపోయినా తెలుస్తుంది. చివరి గీత దగ్గర చోటు అయిపోయాక, ఎదుటివాళ్లు పదకొండుమందీ ముందుకి జరిగాక, ఒక్క గజం నెట్టుకుని వెళ్లలేకపోయారు. మళ్లీ లైన్ దగ్గరికే వచ్చాం చూశావా.

పోయిన ఏడాది అంకెలు పట్టుకుని రాబోయే ఏడాది జాతకం చెప్పకు, ముఖ్యంగా ఈ టీమ్‌కి. 2023లో వీళ్లు 509 పాయింట్లు చేశారు, లీగ్‌లో అందరికంటే ఎక్కువ. డాక్ 36 టచ్‌డౌన్ పాస్‌లు, ల్యాంబ్ 135 క్యాచ్‌లు, 1,749 గజాలు. అది చూసి 2024 ముందు అందరూ ఆహా ఓహో అన్నారు. ఏమైంది? పాయింట్లు 350కి పడ్డాయి, పన్నెండు గెలిచిన టీమ్ ఏడుకి దిగింది. నవంబర్‌లో అట్లాంటాలో డాక్ తొడ కండరం చిరగడం ఒక్కటే కారణమని సులువుగా అనేస్తారు. అతను ఆడిన ఎనిమిది మ్యాచ్‌ల్లో కూడా 11 టచ్‌డౌన్లకి, ఎదుటివాళ్ల చేతికి పోయిన పాస్‌లు, అంటే ఇంటర్‌సెప్షన్లు, 8 ఉన్నాయి మరి. సీజన్‌కి ముందే టైరన్ స్మిత్ వెళ్లిపోయాడు, సెంటర్ టైలర్ బియాడజ్ వెళ్లిపోయాడు, రన్నింగ్ బ్యాక్ టోనీ పొలార్డ్ వెళ్లిపోయాడు, బదులు పెద్దగా ఎవర్నీ కొనలేదు. ఏడాదికి 6 కోట్ల డాలర్ల క్వార్టర్‌బ్యాక్ అయినా ముందు గోడ కూలితే చేసేదేముంది. నీ వ్యాసంలో గాయం గురించి ఒక పేరా ఉంది, ఈ వెళ్లిపోయినవాళ్ల గురించి ఒక్క ముక్క లేదు.

పికెన్స్ గురించి బాగా రాశావు, ఒక్కటి కలుపు. 2023లో పిట్స్‌బర్గ్‌లో అతని ఒక్కో క్యాచ్‌కి సగటున 18.1 గజాలు, లీగ్‌లో మొదటిస్థానం. అలాంటివాడు అవతలి అంచున ఉంటే డిఫెన్స్‌లో వెనక కాపలా ఉండేవాడు ల్యాంబ్ మీదికే ఒరగడానికి జంకుతాడు. పికెన్స్ పట్టే క్యాచ్‌ల కంటే ఇదే పెద్ద లాభం. కాంట్రాక్టులో ఇది అతనికి ఆఖరి ఏడాది కూడా, కాబట్టి కసిగానే ఆడతాడు. అయితే అంత దూరం పరిగెత్తే రూట్‌కి బంతి విసరాలంటే డాక్‌కి మూడు సెకన్లు దొరకాలి. ఆ మూడు సెకన్లు ఎవరిస్తారో నీకిప్పుడు తెలుసు.

షాటెన్‌హైమర్ హెడ్ కోచ్ అయ్యాడు, ప్లేలు, అంటే ఒక్కోసారి ఏ ఎత్తు ఆడాలో, అవి కూడా తనే పిలుస్తానన్నాడు. అతను ప్లేలు పిలిచిన 2018లో సియాటిల్ పరిగెత్తి తెచ్చిన గజాల్లో లీగ్‌కే ఫస్ట్, అది రాయి చాలు. జవాంటే విలియమ్స్, మైల్స్ శాండర్స్, జేడన్ బ్లూ, ఈ ముగ్గురు రన్నింగ్ బ్యాక్‌లకీ కలిపి ఒక్క పేరా సరిపోతుంది. విలియమ్స్ మోకాలు 2022లో బాగా దెబ్బతింది, ఆ ముందరి విసురు మళ్లీ వచ్చిందా అన్నదొక్కటే వాళ్లలో చూడాల్సింది. బంతి పట్టేవాళ్లలో ఇంకొకడు జేక్ ఫెర్గూసన్ 2024లో 59 క్యాచ్‌లు పట్టి ఒక్క టచ్‌డౌన్ కూడా చెయ్యలేదు, అది మాత్రం వదలకు, ఇందాక చెప్పిన జబ్బుకే అది ఇంకో గుర్తు. మైకా పార్సన్స్ కాంట్రాక్టు గొడవ మొత్తం తీసెయ్, అది డిఫెన్స్ గోల, ఇంకో వ్యాసం.

ఇప్పుడు అసలు చీవాట్లు. ముగింపులో "అన్నీ కలిసొస్తే ప్లేఆఫ్స్‌కి వెళ్లొచ్చు, గాయాలైతే కష్టం" అన్నావు. పామూ చావకూడదు, కర్రా విరగకూడదు. అలాంటి వాక్యం ఏ టీమ్‌కైనా, ఏ ఏడాదైనా సరిపోతుంది, అందుకే పనికిరాదు. తప్పుతుందేమోనని టెన్షన్ పడకు, డిసెంబర్‌లో పాఠకుడు నీ మాట తీసి చూపించి ఎగతాళి చేయగలిగేంత స్పష్టంగా రాయి. నా లెక్క చెప్పమంటావా? గజాలు దండిగా వస్తాయి, పాస్‌లో లీగ్ పైవరసలో ఉంటారు, చివరి గీత అవతలుండే ఎండ్ జోన్ ముందు ఆగిపోయే రోగం సగమే తగ్గుతుంది. బుకర్ అక్టోబర్ కల్లా కుదురుకుంటాడు, గైటన్ మీద మాత్రం నాకింకా నమ్మకం కుదర్లేదు. నువ్వు నాతో ఏకీభవించాల్సిన పనిలేదు, గైటన్ బాగా ఆడతాడని నీకనిపిస్తే ఏ మ్యాచ్‌లో ఏం చూసి అనిపించిందో రాయి.

సెప్టెంబర్ 4న మొదటి మ్యాచ్ ఫిలడెల్ఫియాలోనే, పోయిన సీజన్ ఫైనల్, అదే సూపర్ బౌల్, గెలిచినవాళ్ల గడ్డ మీద. ఆ లోపు పడాలి నీ వ్యాసం, తర్వాతైతే ఎవరూ చదవరు. ఆగస్టు మూడో వారానికి నాకు రెండో డ్రాఫ్ట్ పంపు, ఈసారి స్టీల్ గురించి కూడా కనీసం నాలుగు లైన్లు ఉండాలి.

ఇట్లు,
అన్న