లక్సెంబర్గ్‌లో ఫ్రీ రైలు సరే, స్టేషన్లు చూశారా?

"లక్సెంబర్గ్ అంత చిన్న దేశంలో రైల్వే స్టేషన్లకు చరిత్ర ఏముంటుంది? రైళ్లన్నీ ఉచితమంటారు, నిజమేనా?" అని నన్ను కొందరు అడిగారు.

రెండోదానికి జవాబు ముందే చెప్పేస్తా. నిజమే. 2020 ఫిబ్రవరి 29 నుంచి దేశంలో బస్సు, ట్రాము, సెకండ్ క్లాసు రైలు అన్నీ ఉచితం. ఫస్ట్ క్లాసుకు మాత్రం డబ్బు కట్టాలి, సరిహద్దు దాటితే అవతలి దూరానికి టికెట్ కొనాలి. ఈ ఒక్క ముక్క పట్టుకుని మన వ్లాగర్లు ప్లాట్‌ఫాం మీద గంతులేసి వీడియోలు పెట్టేస్తారు. వెనకున్న బిల్డింగు వైపు ఒక్కడూ తిరిగి చూడడు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

దేశం చిన్నదే, మా పాత అనంతపురం జిల్లాలో ఏడో వంతు కూడా ఉండదు. అయినా అక్కడ ఎవరెవరు పెత్తనం చేశారో తెలియాలంటే మ్యూజియం అక్కర్లేదు, స్టేషన్లు చాలు అంటాన్నేను.

మొదటి రైలు 1859లో వచ్చింది. అప్పటికి లక్సెంబర్గ్ నగరమంటే కోట, ఆ కోటలో ప్రష్యా (అప్పటి జర్మన్ రాజ్యం) సైన్యం. అందుకే స్టేషన్ని ఊళ్లోకి రానివ్వలేదు. పెత్రూస్ లోయకి అవతల, అదీ చెక్కతో కట్టించారు. శత్రువు వస్తే చిటికెలో పీకేయొచ్చని. ఊరినీ స్టేషన్నీ కలపడానికి 24 కమానుల రాతి వంతెన కట్టారు, అదే పాసెరెల్. 1867 లండన్ ఒప్పందంతో సైన్యం వెళ్లిపోయింది, కోట గోడలు కూల్చేశారు, స్టేషన్ మాత్రం లోయ అవతలే ఉండిపోయింది.

ఇప్పుడు మీరు చూసే రాతి భవనం, గడియారం గోపురం 1907-1913 మధ్య జర్మన్ ఆర్కిటెక్టులు కట్టినవి. లక్సెంబర్గ్‌లో జర్మన్లకేం పని? ఇక్కడి లైన్లు నడుపుతున్నది మొదట ఫ్రెంచ్ కంపెనీ. 1871లో జర్మనీ చేతిలో ఫ్రాన్స్ యుద్ధంలో ఓడిపోయాక ఆ హక్కు జర్మనీకి పోయింది. ఇల్లు మనది, తాళం పక్కింటాయన దగ్గర అన్నట్టు. ఆ తాళం ఏం చేసిందో నాకు బాగా ఎక్కింది మా మామయ్యగారి పుణ్యమా అని.

ఆయన గుంతకల్లు వైపు స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరయ్యారు. లక్సెంబర్గ్‌లో మా దగ్గరికి వచ్చినప్పుడు ఉత్తరాన చివరి స్టేషన్ త్రువావియెర్జ్‌కి తీసుకెళ్లాను. "ఏమ్మా, టికెట్?" "లేదు మామయ్యగారూ." "ప్లాట్‌ఫాం టికెట్టన్నా?" "అదీ లేదు." ఆయనకి మింగుడు పడలేదు. కండక్టరు పెట్టెలోకి రాగానే లేచి నిలబడి పాస్‌పోర్టు తీసి పట్టుకున్నారు. అతను "మొయెన్" అని పలకరించి నవ్వుతూ వెళ్లిపోయాడు. ఎట్టెల్‌బ్రుక్ దాటాక సొరంగాలు మొదలయ్యేదాకా ఈయన పాస్‌పోర్టు జేబులో పెట్టలేదు.

త్రువావియెర్జ్‌లో దిగి ప్లాట్‌ఫాం ఈ చివర నుంచి ఆ చివరకి నడిచారు, సిగ్నళ్లు చూశారు, పట్టాలు చూశారు. అప్పుడు చెప్పాను. 1914 ఆగస్టు 1 సాయంత్రం జర్మన్ సైనికులు కార్లలో వచ్చి ఈ స్టేషన్నీ, టెలిగ్రాఫునీ పట్టుకున్నారు, పడమటి వైపు మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది ఇక్కడే అని. బెర్లిన్‌లో చక్రవర్తి ఆఖరి నిమిషంలో తటపటాయించి ఆగమన్నాడు, కబురు ఆలస్యంగా చేరింది. కాసేపటికి ఇంకో కారు వచ్చి పొరపాటైంది, వెనక్కి రండి అంది. మర్నాడు పొద్దున్నే సైన్యం మొత్తం దిగింది.

మామయ్యగారు ఆలోచించి, "లైన్ క్లియర్ లేకుండా బండి వదిలారన్నమాట. వెనక్కి రప్పించినా సరే, రిపోర్టు రాయాల్సిందే" అన్నారు.

రాశారు కూడా! లక్సెంబర్గ్ ప్రధాని పాల్ ఐషెన్ టెలిగ్రాములు కొట్టాడు. జర్మనీ జవాబేమిటో తెలుసా? ఇది దాడి కాదు, మా నిర్వహణలో ఉన్న రైల్వేలని ఫ్రాన్స్ నుంచి కాపాడుకుంటున్నాం అని! రైలు నడిపే హక్కు ఇచ్చిన పాపానికి దేశం నాలుగేళ్లు ఆక్రమణలో ఉంది. మన దగ్గర పోర్టులూ ఎయిర్‌పోర్టులూ ఎవరికో రాసిచ్చేవాళ్లకి ఈ స్టేషన్ చూపించాలనిపిస్తుంది, కానీ అది వేరే గొడవ.

రెండో యుద్ధంలో ఇంకా ఘోరం. 1942లో నాజీలు ఇక్కడి కుర్రాళ్లని బలవంతంగా తమ సైన్యంలో చేర్చుకుని లక్సెంబర్గ్ నగరంలోని హొలెరిష్ స్టేషన్ నుంచి రైళ్లెక్కించారు. ఆ పాత స్టేషన్ భవనంలో తర్వాత స్మారకం పెట్టారు. ఊళ్లో ఉన్నవాళ్లే చాలామంది చూడలేదు.

1946లో సొంత రైల్వే సంస్థ సీఎఫ్‌ఎల్ పెట్టుకున్నప్పుడు కూడా వీళ్ల వాటా 51 శాతమే, మిగతాది ఫ్రాన్స్, బెల్జియం చెరి సగం. ఇప్పుడైతే పొరుగు దేశాల నుంచి రోజూ 2 లక్షల మందికి పైగా వచ్చి పనిచేసి పోతారు. స్టేషన్ దగ్గర ఇళ్ల అద్దెలు విన్నాక ఎందుకో నాకు బాగానే అర్థమైంది. ఆ అద్దె ముందు ఫ్రీ టికెట్ ఏ మూలకి?

వెళ్తే త్రువావియెర్జ్ దాకా వెళ్లండి. అక్కడి నుంచి జర్మనీలోని ఆహెన్‌కి పోయే పాత వెన్‌బాన్ లైను పట్టాలు తీసేసి సైకిల్ దారి చేశారు, 125 కిలోమీటర్లు. మోకాళ్లు బాగుంటే తొక్కండి, మా ఆయన సగంలోనే బస్సెక్కాడు.